ఏ సంఖ్య అయినా 6174 దగ్గరికే

ఆదివారం. భోజనాలయ్యాక కరెంటు పోయింది. ఫోన్లో ఛార్జింగ్ లేక అక్క కొడుకు ఇల్లంతా తిరుగుతుంటే, రఫ్ నోటు ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. "నాలుగంకెల సంఖ్య ఒకటి చెప్పు నాన్నా, నాలుగూ ఒకే అంకె కాకూడదు" అన్నాను. గుమ్మం ముందున్న బండి నంబరు చూసి 4029 అన్నాడు.

అంకెలను పెద్దదాని నుంచి చిన్నదానికి రాస్తే 9420, అటునుంచి ఇటు రాస్తే 0249. తీసేస్తే 9171. మళ్ళీ అదే పని: 9711 లోంచి 1179 పోతే 8532. ఇంకోసారి: 8532 లోంచి 2358 పోతే 6174. ఇక అక్కడి నుంచి కదలదు. 7641 లోంచి 1467 తీసేసినా 6174 మాత్రమే వస్తుంది.

ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు తీసివేతల్లోపు ఇక్కడికే చేరాలి. వాడు నమ్మలేదు. 2005 ఇచ్చి చెయ్యమన్నాను. 5175, 5994, 5355, 1998, 8082, 8532, 6174. ఏడూ పట్టాయి.

కాసేపటికి "పిన్నీ, ఇది రాలేదు!" అంటూ 5565 తెచ్చాడు. 6555 లోంచి 5556 పోతే 999, దాన్ని ఎటు తిప్పినా 999, తీసేస్తే సున్నా. ముందు సున్నా పెట్టి 0999 అని రాయమన్నాను. 9990 లోంచి 0999 పోతే 8991, తర్వాత 8082, 8532, ఆ వెనకే 6174. నోటు లాక్కుని ఇంకో పేజీ తిప్పాడు.

దీన్ని కనిపెట్టిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ నాసిక్ దగ్గర దేవళాలీలో బడి పంతులు. పీజీ చదవలేదు. 1949లో మద్రాసు గణిత సదస్సులో దీని గురించి చెప్పారు. బయటి ప్రపంచంలో ఆయన పేరు బాగా తెలిసింది 1975లో, గణిత వినోదాల మీద రాసే మార్టిన్ గార్డ్నర్ 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో రాశాక. చిన్న క్లాసు పిల్లలు చేసే తీసివేతలో ఇంత సంగతి ఉందని, దాన్ని ఇష్టంగా చేస్తూ కూర్చున్న మనిషికే తెలిసింది. నాకు ఆయన మీద ఉన్న గౌరవమంతా అందుకే.

ఎందుకిలా అవుతుందో కొంత తేలిగ్గానే తెలుస్తుంది. అన్నిటికంటే పెద్ద, చిన్న అంకెల తేడాను 999తో, మధ్య రెండు అంకెల తేడాను 90తో గుణించి కలిపితే తీసివేత జవాబు వచ్చేస్తుంది. 4029కి ఆ తేడాలు 9, 2. అంటే 8991, 180 కలిపి 9171. జవాబు ఈ రెండు తేడాల మీదే ఆధారపడుతుంది కాబట్టి, సున్నాతో మొదలయ్యేవాటితో కలిపి 9990 సంఖ్యలూ మొదటి తీసివేతతోనే 54కి కుదించుకుపోతాయి! ఆ 54నీ కాగితం మీద చేసి చూసుకోవచ్చు.

6174 అంకెల మొత్తం 18. ఆ 18తో భాగిస్తే శేషం లేకుండా 343, అంటే ఏడు ఘనం. ఇలా తన అంకెల మొత్తంతో భాగింపబడేవాటికి హర్షద సంఖ్యలని పేరు పెట్టిందీ కాప్రేకరే. ఇంకొకటి నాకు చాలా ఇష్టం: 18, 18 వర్గం, 18 ఘనం కలిపినా 6174 వస్తుంది.

మూడంకెలైతే 495 దగ్గర ఆగుతుంది. రెండంకెలు ఎక్కడా ఆగవు. 9, 81, 63, 27, 45 అంటూ తిరుగుతూనే ఉంటాయి. ఇవి వాడే చేసి తేల్చాడు. రేపు అయిదంకెలు పడతాడట. అవి ఒక్క సంఖ్య దగ్గర ఆగవని నేను చెప్పలేదు.