ఒకే జన్యువు, మూడు బ్యాక్టీరియాలు

పరాయి దేశపు ఆసుపత్రిలోని మైక్రోబయాలజీ ల్యాబులో చేరిన రెండో ఏడు, ఐసీయూ నుంచి ఆరు వారాల్లో మూడు నమూనాలు నా బల్ల మీదికి వచ్చాయి. మొదటి రోగి రక్తంలో క్లెబ్సియెల్లా, రెండో రోగి మూత్రంలో ఈకోలై, మూడో రోగి కఫంలో ఎంటరోబాక్టర్ పెరిగాయి. మూడింటి మీదా మెరోపెనెం అనే బలమైన యాంటీబయాటిక్ పనిచేయలేదు. బ్యాక్టీరియా జాతులు వేరు గనుక ఒక కేసుకు మరొక దానితో సంబంధం లేదని నమోదు చేశాము. ఆ నమోదు కింద నా సంతకం కూడా ఉంది.

తరువాత జన్యువులను గుర్తించే పీసీఆర్ పరీక్ష చేస్తే మూడింటిలోనూ అలాంటి మందులను పనిచేయనివ్వని కేపీసీ అనే జన్యువే కనిపించింది, డీఎన్ఏ క్రమం చదివించగా ఆ జన్యువును మోస్తున్న ప్లాస్మిడ్ కూడా ఒకటేనని తేలింది. ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియా క్రోమోజోముతో సంబంధం లేకుండా విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం. ఒక కణం సన్నని పోగుతో పక్క కణాన్ని పట్టుకుని, ఆ వలయపు ప్రతిని దానికి అందించి, మరొక ప్రతిని తన దగ్గరే ఉంచుకుంటుంది. అవతలిది వేరే జాతి అయినా చాలాసార్లు ఈ బదిలీ ఆగదు. ఈకోలై నుంచి విరేచనాలు కలిగించే షిగెల్లాకు ఇలా అనేక మందుల నిరోధకత ఒక్కసారిగా అందుతుందని జపాన్ పరిశోధకులు 1959లోనే చూపించారు. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు నిరోధక జన్యువులు వరసగా ఉండవచ్చు గనుక, అవి తట్టుకునే మందులలో ఏ ఒక్కటి రోగికి ఇచ్చినా మిగిలిన నిరోధక జన్యువులన్నీ దానితోపాటు నిలిచి వ్యాపిస్తాయి. అన్నీ తెలిసి కూడా మేము జాతి పేరు చూసి కేసులను విడదీశాము.

ఇలాంటి నిరోధక జన్యువులలో కొన్నింటికి ఊళ్ల పేర్లున్నాయి. వీఐఎం అనే జన్యువు పేరులో ఇటలీలోని వెరోనా ఉంది, 2009లో ప్రచురితమైన ఎన్‌డీఎం పేరులో న్యూఢిల్లీ ఉంది. ఆ పేరు రిపోర్టులో వచ్చిన రోజుల్లో సహోద్యోగుల చూపు ఒక్క క్షణం నా వైపు తిరిగేది, అది నాకు బాధ కలిగించేది. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, ఊరి పేరు వినగానే జన్యువు ఎక్కడి నుంచో వచ్చిందన్న ఆలోచనే బలపడి, మన వార్డులోనే అది ఎలా చేతులు మారుతోందో వెదకడం ఆలస్యమవుతుంది.

మా వార్డులో కేపీసీ ఉన్న చోటును మొదట చూపినది రాత్రి షిఫ్టులో శుభ్రం చేసే ఒక మహిళ. ఆమెదీ ఆ దేశం కాదు. అక్కడి భాష ఆమెకు కొద్దిగానే వచ్చు. రోగులకు గొట్టం ద్వారా ఇచ్చే ద్రవాహారంలో మిగిలినదాన్ని చేతులు కడిగే సింకులో పారబోస్తున్నారనీ, జాలీ కింద జిగట పేరుకుంటోందనీ లిఫ్టు దగ్గర నాకు సైగలతో చెప్పింది. సింకు కింది వంపు గొట్టంలో ఉండే ఆ జిగట పొరలో అనేక జాతులు ఒకదానినొకటి అంటుకుని బతుకుతాయి, ప్లాస్మిడ్లు చేతులు మారడానికి అది ఎంతో అనువైన చోటు. పోషకాలు అందితే ఆ పొర రోజుకు సుమారు అంగుళం చొప్పున జాలీ వైపు ఎగబాకుతుందనీ, అక్కడి నుంచి కుళాయి నీటి ధార తాకిడికి చుట్టూ చిందుతుందనీ 2017లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం చూపింది.

ఆమె మాటను పై అధికారికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. నాది ఒప్పంద ఉద్యోగం, వీసా దాని మీదే ఆధారపడి ఉంది. వార్డు సిబ్బంది తప్పును ఎత్తి చూపడానికి భయపడ్డాను. ఆ రెండు రోజులూ ఆ సింకులలో పారబోత సాగుతూనే ఉంది.

ఆ తరువాత తీసిన నమూనాలలో రెండు సింకుల గొట్టాల నుంచి అదే ప్లాస్మిడ్ దొరికింది. పారబోత మాన్పించారు, గొట్టాలు మార్చారు, మా నమోదు పత్రంలో జాతి పేరు పక్కన జన్యువుకు ఒక గడి చేర్చారు. ప్రతి సోమవారం ఆ సింకుల నుంచి నేనే నమూనా తీసేదాన్ని. గొట్టాలు మార్చిన అయిదో వారం వాటిలో ఒకదానిలో కేపీసీ మళ్లీ కనిపించింది.