డేగు పిల్లల బడిలో నా మొదటి ఓపెన్ క్లాసు

దక్షిణ కొరియాకు ఇంగ్లిష్ టీచరుగా వెళ్తున్నానంటే అందరూ తిండి గురించే భయపెట్టారు. తిండితో నాకు ఒక్క పూట కూడా ఇబ్బంది కలగలేదు. ఎనిమిదో తరగతి దాకా గుంటూరులో పెరిగినదాన్ని, కిమ్చీ నన్నేం చేస్తుంది? మా బడి వంటావిడ చిన్నపిల్లల కోసం కిమ్చీని నీళ్ళలో జాడించి, కారం పోగొట్టి వడ్డిస్తుంది. టీచర్లలో ఎవరైనా అడిగితే వాళ్ళకూ అలాగే ఇస్తుంది. నాకు జాడించకుండా వెయ్యమని అడిగి, రెండోసారి కూడా వేయించుకుని తిన్నాను. ఆ ఒక్క పనితో ఆవిడ దగ్గర వచ్చిన మర్యాద, ఎన్ని పాఠాలు చెప్పినా ఆఫీసు గదిలో రాలేదు. అసలు దెబ్బ ఓపెన్ క్లాసు, అంటే తల్లులు వచ్చి చూసే పాఠం, దగ్గర తగిలింది. ఇది రాస్తున్నది దాని కోసమే. మిగతావి దారిలో చెప్పుకుపోతాను.

కాగితాల పని విసుగే గాని కష్టం కాదు. ఇంగ్లిష్ బోధనకు ఇచ్చే ఈ-2 వీసా మామూలుగా అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే. మావాళ్ళు అమెరికా వెళ్ళి పౌరసత్వం తీసుకున్నారు కాబట్టి నాకు ఆ దారి దొరికింది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు, రెండు దేశాల మధ్య 2010లో అమల్లోకి వచ్చిన ఆర్థిక ఒప్పందం వల్ల, బడుల్లో సహాయక టీచరుగా వచ్చే వీలుంది. దానికి ఇంగ్లిష్ టీచరుగా అర్హత పత్రం ఉండాలి. నేను డిగ్రీ నకలు మీదా, ఎఫ్‌బీఐ ఇచ్చే నేరచరిత్ర పత్రం మీదా అపోస్టిల్ ముద్ర (పత్రం పరాయి దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) వేయించి పంపాను. దిగాక ఆసుపత్రిలో రక్తం, మూత్రం, ఎక్స్‌రే, మత్తుమందుల పరీక్ష. 90 రోజుల్లోపు విదేశీయుల నమోదు కార్డు. ఎఫ్‌బీఐ పత్రానికి వేలిముద్రలు అన్నిటికంటే ముందే ఇచ్చేయండి, ఆలస్యమంతా అక్కడే జరుగుతుంది. దరఖాస్తుతో పాటు ఫొటో కూడా అడుగుతారు. నేను పంపిన ఫొటోను తర్వాత మా బడి కరపత్రంలో చూశాను. ముక్కు నాదే, జడ నాదే, రంగు మాత్రం నాది కాదు. అప్పటికి నవ్వుకుని ఊరుకున్నాను.

నేను చేరింది డేగు నగరంలో, ట్యూషన్లకు పేరుపడ్డ సుసొంగ్ ప్రాంతంలో. ఊళ్ళో అందరూ 'ఇంగ్లిష్ కిండర్‌గార్టెన్' అంటారు గాని చట్టం దృష్టిలో ఇది హగ్వాన్, అంటే ప్రైవేటు ట్యూషన్ సెంటరు. కిండర్‌గార్టెన్ అని బోర్డు పెట్టుకునే హక్కు దానికి లేదు. చేరేముందు ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. ట్యూషన్ సెంటరులో తల్లిదండ్రులు ఖాతాదారులు, టీచరు సరుకు. విజయవాడ రోడ్ల మీద ర్యాంకుల హోర్డింగులు చూస్తూ పెరిగినవాళ్ళకు ఇంతకంటే వివరించనక్కరలేదు.

పిల్లలు మొదటి వారంలోనే నన్ను నిలువెల్లా తనిఖీ చేశారు. పొద్దున్నే బూట్లు విప్పి, లోపల వేసుకునే చెప్పులు తొడుక్కుని, రెండు చేతులూ బొడ్డు మీద పెట్టుకుని నడుం వంచి నమస్కారం పెడతారు. అంత వినయంగా వంగిన పిల్ల తల ఎత్తగానే అడిగేది, "మీకెన్నేళ్ళు?" ఆ తర్వాత, "పెళ్ళయిందా?" మన రైళ్ళలో రెండో తరగతి పెట్టె ఎక్కినవాళ్ళకు ఇందులో కల్చర్ షాక్ ఏమీ లేదు. వయసంటే వాళ్ళకు ప్రాణం. ఇకనుంచి పుట్టినరోజు లెక్కనే వయసు చూడాలని 2023 జూన్‌లో చట్టం అమల్లోకి వచ్చింది గాని మా బడిలో క్లాసులు ఇప్పటికీ పుట్టిన సంవత్సరాన్ని బట్టే. పుట్టగానే ఒక ఏడు, ప్రతి కొత్త సంవత్సరానికి ఇంకో ఏడు కలిపే పాత లెక్కలో నాది 'ఏడేళ్ళ క్లాసు'. నేను చేరేనాటికి అందులో చాలామందికి ఆరు కూడా నిండలేదు. పై క్లాసువాడిని వట్టి పేరుతో పిలిస్తే యుద్ధమే. ఆ యుద్ధం తీర్చడానికి టీచరు అవసరం లేదు. "కావి, బావి, బో" అంటూ పిడికిలో, కత్తెరో, అరచెయ్యో చూపిస్తారు. ఓడినవాడు కిక్కురుమనకుండా తప్పుకుంటాడు. అమెరికాలో ఇదే వయసు పిల్లలతో పనిచేశాను, ఇంత చప్పున తేలే న్యాయం అక్కడ చూడలేదు. వెనక నుంచి వచ్చి జోడించిన వేళ్ళతో పొడిచే ఆట కూడా ఒకటుంది. దాని వివరాలు రాయను. ఎక్కడ నిలబడినా వీపు గోడ వైపు ఉండేలా చూసుకోండి, చాలు.

ఇక నా చేతులు. వాటి మీది వెంట్రుకలు చూసి ఒకడు "కోతి" అన్నాడు. తిట్టినట్టు కాదు, కనిపెట్టినట్టు. మర్నాడు ఒక వెంట్రుక పీకి పుస్తకంలో దాచుకున్నాడు. రెండు జడల పిల్ల ఒకతె మధ్యాహ్నం పళ్ళు తోముకునే వేళ (ఇక్కడ భోజనం కాగానే క్లాసంతా వరసగా నిలబడి పళ్ళు తోముకుంటుంది) నా చెయ్యి పట్టుకుని తడి టిష్యూతో గట్టిగా రుద్దింది. టిష్యూ తిప్పి చూసుకుంది, రంగు అంటలేదు. మళ్ళీ రుద్దింది. తర్వాత అరచెయ్యి వెనక్కి తిప్పి, అది తెల్లగా ఉండడం చూసి, సమస్య తేలిపోయినట్టు తల ఊపింది. అరచెయ్యి నేను రోజూ కడుక్కుంటున్నానట, పైభాగం కడుక్కోవడం లేదట. కొరియన్ కో-టీచరు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. నాకు మాత్రం కోపం రాలేదు. ఆ పిల్ల తన చేతుల్లో ఉన్న ఆధారాన్ని బట్టి తీర్పు చెప్పింది. పుట్టుకతోనే ఇంతేనని చెప్పాను, సరేనంది. ఆ వారంతో పిల్లల వైపు నుంచి రంగు సంగతి ముగిసింది.

టీచరు బొమ్మ వేసిన రోజున క్రేయాన్ పెట్టె దగ్గర మళ్ళీ ఒకసారి వచ్చింది, కానీ తెచ్చింది పెద్దవాళ్ళు. లేత నారింజ క్రేయాన్ తీసుకోమని కో-టీచరు అలవాటు మీద 'ఒంటి రంగు' అనేసి నాలుక కరచుకుంది. 2002 దాకా పెట్టెల మీద అచ్చయిన పేరు అదే. విదేశీ కార్మికులు ఫిర్యాదు చేస్తే, అది వివక్ష అని జాతీయ మానవ హక్కుల కమిషన్ తేల్చి మార్పించింది. కొత్తగా పెట్టిన పేరు పిల్లల నోటికి పట్టని, చైనా మూలమున్న మాట కావడంతో 2004లో పిల్లలే కమిషన్‌కు అర్జీ పెట్టారు. 2005 నుంచి దాని పేరు 'ఆప్రికాట్ పండు రంగు'. నా బొమ్మకు పిల్లలు ఆప్రికాట్ ముట్టుకోలేదు. గోధుమరంగు కోసం కావి బావి బో వేసుకుని వంతులవారీగా వాడుకున్నారు.

ఇప్పుడు ఓపెన్ క్లాసు. తల్లులు వచ్చి గది వెనక వరసగా కూర్చుని, ఫోన్లు పైకెత్తి పాఠం చూస్తారు. మే నెలలో అని చెప్పారు. అంతకు చాలా ముందే మా డైరెక్టరు గారు నా చేతికి నాటకం ప్రతి ఒకటి ఇచ్చారు. ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలి, ఎవరు చెయ్యి ఎత్తాలి, ఎవరికి ఎన్ని జవాబులు రావాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఏ తల్లికీ తన బిడ్డకు వంతు తగ్గిందనిపించకూడదు. రెండు జడల పిల్లకు వచ్చింది వాతావరణం ప్రశ్న, జవాబు "ఎండగా ఉంది". ఒక అబ్బాయి మొదట తప్పు చెప్పి, నాలుక కొరుక్కుని, ఆపైన ఒప్పు చెప్పాలి. పాఠం సహజంగా కనబడడానికట. ఆ తప్పు కూడా రాసే ఇచ్చారు. వాడికేమో తప్పు చెప్పడం ఇష్టం లేదు, ప్రతి రిహార్సల్‌లోనూ ఏడ్చేవాడు. రోజూ పదకొండు గంటలకు పాఠం ఆపి ఇదే పని. పిల్లలకు పంక్తులు వచ్చేశాయి, నాకు నిద్రలో కూడా వచ్చేశాయి.

ఈలోగా డైరెక్టరు గారికి నా మీద ప్రేమ పెరిగింది. ఏసీ చల్లగా ఉంటుంది, పొడుగు చేతుల చొక్కాలు వేసుకోమన్నారు. ఒకరోజు రిబ్బను కట్టిన చిన్న పెట్టె ఇచ్చారు. లోపల కుషన్ ఫౌండేషన్, నా చెంప మీద వేస్తే సున్నం కొట్టినట్టు కనబడేంత తెల్లటిది. బాగుంది, థాంక్స్ అన్నాను. దాన్ని వాడలేదు. వారం ముందు గదికి పిలిచి, బార్లీ టీ పోసి, నా కష్టం గురించి అరగంట పొగిడారు. చివర్న "బాగా అలసిపోయినట్టున్నారు" అన్నారు. అంతే. మర్నాడు గోడ మీద కొత్త టైంటేబుల్ ఉంది. నా క్లాసు ఓపెన్ క్లాసును పక్క క్లాసు టీచరు, బంగారు రంగు జుట్టు అమ్మాయి, తీసుకుంటుంది. నా పేరు పక్కన 'వరండా, చెప్పులు, ఫొటోలు' అని ఉంది.

పెళ్ళిచూపుల్లో పెద్దపిల్లను వంటింట్లో కూర్చోబెట్టి, తెల్లగా ఉన్న చెల్లెలిని చూపించేవారని మా నాయనమ్మ చెప్పేది. నేను ఆ పెద్దపిల్లనయ్యాను. ఎవరూ రంగు అన్న మాట పలకలేదు. ఎందుకని కో-టీచరును అడిగితే, తల్లులు కొత్తవాళ్ళు, కంగారు పడతారేమో అంది. తల్లులు మార్చి నుంచి నన్ను గేటు దగ్గర రోజూ చూస్తున్నారు. డైరెక్టరు గారినే అడిగాను. నవ్వి, ఇంకో కప్పు టీ పోశారు. పోట్లాడడానికి ఎదుట ఒక మాట ఉండాలి కదా, అదే దొరకలేదు.

ఇక్కడ ఒక్క మాట మనవాళ్ళకు. ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి చెబితే, గుంటూరు నుంచి మా అత్తయ్య "ఎంత అన్యాయం" అని ఆ నోటితోనే, ఎండలో తిరగకు, సున్నిపిండి పంపిస్తాను అంది. పత్రికల్లో 'ఎర్రగా, పొడవుగా ఉన్న వధువు కావలెను' అని డబ్బులిచ్చి అచ్చేయించే జాతి మనది. కొరియావాళ్ళను తిట్టే ముందు ఆదివారం పేపరు వెనక పేజీ తీసి చదవండి.

ఆ రోజు వాన. అద్దాల మీద ధార కడుతోంది. నేను వరండాలో తల్లుల చెప్పులు జతలు కలుపుతున్నాను. లోపల పాఠం మొదలైంది. బాధ అనిపించింది ఎప్పుడంటే, పిల్లలు కొత్త టీచరుకు కూడా అంతే చక్కగా జవాబులు చెబుతుంటే. ఎవరూ నా కోసం తలుపు వైపు చూడలేదు. అన్ని రోజుల రిహార్సల్ మరి. అప్పుడు రెండు జడల పిల్ల టాయిలెట్ అని బయటికి వచ్చింది. రోజూలాగే నా వేలు పట్టుకుంది, తీసుకెళ్ళాను. చేతులు కడుక్కోవడం ఆ పిల్ల దగ్గర పెద్ద తతంగం, నా చెయ్యి పైభాగం కూడా చూసి గాని వదలదు. తిరిగి వచ్చేసరికి వాతావరణం ప్రశ్న అయిపోయింది. ఆ వంతు పక్కవాడు అందుకున్నాడు. బయట కుండపోతగా కురుస్తుంటే "ఎండగా ఉంది!" అని గట్టిగా అరిచాడు. తల్లులంతా చప్పట్లు కొట్టారు.

సాయంత్రం అభిప్రాయ పత్రాలు తెరిచారు. అన్నీ మెచ్చుకోళ్ళే, ఒక్కటి తప్ప. మా అమ్మాయికి ఒక జవాబు తక్కువ వచ్చింది అని రెండు జడల పిల్ల వాళ్ళమ్మ రాసింది. దానికి బాధ్యురాలిని నేనేనట. టాయిలెట్‌కు వెళ్ళిన పిల్లను తొందరపెట్టలేదట. పరిహారంగా ఆ ఇంటికి వారానికి ఇంకో ఫోను పాఠం నా మీద వేశారు. ఈ ఫోను పాఠాల సంగతి ఒప్పందంలో వెతికి చదవండి, చిన్న అక్షరాల్లో ఉంటుంది. "ఏం తిన్నావు?" అని ఇవతల నుంచి అడుగుతాను. అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం వెనక తల్లి గుసగుస, "ఐ ఏట్... ఐ ఏట్ రైస్." తర్వాత పిల్ల గొంతు, "ఐ ఏట్ రైస్." నేను ఎవరికి పాఠం చెబుతున్నానో నాకే తెలియదు. రెండో నెలకు ఆ తల్లి ఇంగ్లిష్ మాత్రం బాగుపడింది, ఆ ఘనత నాదే.

మానేసి వేరే చోట చేరండి అని తేలిగ్గా చెప్పేవాళ్ళు ఈ-2 వీసా సంగతి తెలియనివాళ్ళు. వీసా యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. ఒప్పందం మధ్యలో మారాలంటే ఆ యజమాని ఒప్పుకోలు కాగితం కావాలి, అంటే ఎవరి మీద కోపమో వాళ్ళనే వేడుకోవాలి. అందుకని సంతకానికి ముందే అడగండి: ఓపెన్ క్లాసు నా క్లాసుకు నేనే తీసుకుంటానా? రాసి ఇమ్మనండి. అక్కడ పనిచేసే టీచరుతో ఫోనులో మాట్లాడించమనండి, మాట్లాడించకపోతే ఆ బడి వద్దు. జీతం, ఇల్లు, విమానం టిక్కెట్టు గురించి ఎవరైనా చెబుతారు, నేను చెప్పను.

పోయిన వారం బంగారు జుట్టు అమ్మాయి రాత్రికి రాత్రి పెట్టె సర్దుకుని, ఎవరికీ చెప్పకుండా విమానం ఎక్కేసింది. ఇలా పారిపోయేవాళ్ళు ఇక్కడ కొత్త కాదు. నవంబరులో మళ్ళీ ఓపెన్ క్లాసు ఉంది. డైరెక్టరు గారు విటమిన్ పానీయం సీసాల పెట్టె రెండు చేతులతో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. నేనూ రెండు చేతులతోనే అందుకున్నాను. ఓపెన్ క్లాసు తీసుకుంటాను గాని ఆ అబ్బాయి చేత తప్పు జవాబు చెప్పించను, వాతావరణం ప్రశ్నకు జవాబు కిటికీలోంచి చూసి చెబుతారు అన్నాను. ఆలోచిస్తానన్నారు. పొట్టి చేతుల చొక్కా సంగతి మాత్రం నేను అడగలేదు, వేసుకునే వస్తాను.