పాదాల కింద మేకు

బుధవారం. పొద్దున్నుంచీ ముసురు. పంటి డాక్టరు దగ్గర్నుంచి బయటపడేసరికి ఒంటిగంట దాటింది. సగం మూతి మొద్దుబారిపోయింది, ఏమీ తినడానికి లేదు. ఆఫీసుకి ఎలాగూ సెలవు పెట్టాను, పక్కనే కదా అని పెట్రీ మ్యూజియంలోకి వెళ్ళాను.

లండన్‌లో నాకు బాగా ఇష్టమైన చోటు ఇది. ఈజిప్టు, సూడాన్ వస్తువులు 80,000 దాకా ఉన్నాయి. పెద్ద విగ్రహాల హంగు ఉండదు. పూసలు, కుండలు, దువ్వెనలు బీరువాల నిండా కిక్కిరిసి ఉంటాయి.

ఇవాళ పాతకాలపు ఈజిప్టువాళ్ళ పరలోక దేవుడు ఒసిరిస్ కంచు బొమ్మ ఒకదాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. వేలెడంత ఉంటుంది. ఒళ్ళంతా గుడ్డ చుట్టిన మనిషి, గుండెల మీద రెండు చేతులు, ఒకదాంట్లో కొంకి కర్ర, ఇంకోదాంట్లో కొరడా. ముఖం అరిగి ముక్కు ఆనవాలు మాత్రం మిగిలింది. మైనంతో బొమ్మ చేసి, మట్టి పట్టించి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కంచు పోస్తారు. మన ఆదిలాబాద్ ఓజాలు ఇప్పటికీ పోతపోసేది ఇలాగే.

పాదాల కింద చిన్న మేకులాంటి ముక్క ఉంది. బొమ్మను పీటలో దిగేయడానికి. ఇలాంటివి జనం మొక్కుకుని గుళ్ళో ఇచ్చేవారు. "ఒసిరిస్ ఫలానా వారికి ఆయుష్షు ఇచ్చుగాక" అని, ఇచ్చినవాళ్ళ పేరు, తల్లిదండ్రుల పేర్లు చాలాసార్లు ఆ పీట మీదే చెక్కించుకునేవారు. దీనికి పీట లేదు. పేరుంటే దాంతోపాటే పోయింది.

అలా ఇచ్చినవి ఎన్నని! ఈజిప్టులోని కర్నాక్ గుడి ఆవరణలో ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త లెగ్రేన్ 1903లో మొదలుపెట్టిన తవ్వకంలో ఒక్కచోటే 17,000 దాకా కంచు బొమ్మలు బయటపడ్డాయి. దేవుడి సొమ్ము పారేయకూడదు కాబట్టి, గుళ్ళో చోటు చాలక పూజారులే ఆవరణలో పాతిపెట్టారంటారు. ఒక్కో బొమ్మ వెనకా ఒక జ్వరమో, ఒక కాన్పో, ఒక చావో ఉండే ఉంటుంది.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. నా చిన్నప్పుడు కళ్ళు పుండ్లు పడితే మా ఊరి అమ్మవారికి వెండి కళ్ళు మొక్కుకుంది. వాటి మీద నా పేరేమైనా రాయించావా అనడిగాను.

"లేదమ్మా. కొంగున ముడేసుకుని తీసుకెళ్ళి పళ్ళెంలో పెట్టాను. నిన్ను చంకనెత్తుకునే ఉన్నానుగా."

ముందు ఏ కన్ను తెరిచానో కూడా గుర్తుందామెకి. ఎడమదట.