చిమ్నీ ఎత్తు పెంచినంత మాత్రాన గంధకం తగ్గదు

2025 జూలైలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ దేశంలోని బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో అధిక భాగానికి సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి నుంచి మినహాయింపు ఇచ్చింది. దేశ రాజధాని ప్రాంతానికి గాని, పది లక్షలు దాటిన జనాభా గల నగరాలకు గాని 10 కిలోమీటర్ల లోపు ఉన్న కేంద్రాలు 2027 చివరికల్లా పరిమితిని అందుకోవాలి. కాలుష్యం ఇప్పటికే తీవ్రంగా ఉన్న ప్రాంతాలకు చేరువలోని వాటి సంగతి విడివిడిగా తేలుస్తారు. మిగిలినవి చిమ్నీ ఎత్తు నిబంధన పాటిస్తే చాలు. 2015 డిసెంబరులో ప్రకటించి రెండేళ్లలో అమలు చేయాలనుకున్న ప్రమాణాలు, గడువు మీద గడువు పెరిగి, చివరికి ఈ స్థితికి వచ్చాయి. ఇది సరైన నిర్ణయం కాదని నా దృఢమైన అభిప్రాయం.

మన బొగ్గులో గంధకం సాధారణంగా అర శాతం లోపే ఉంటుందన్నది మినహాయింపును సమర్థించేవారి ప్రధాన వాదన. శాతం తక్కువన్నది నిజమే, కానీ కాల్చే బొగ్గు ఎంతో కూడా చూడాలి. యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాముల చొప్పున లెక్క వేస్తే, 500 మెగావాట్ల బాయిలర్ పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున 7,800 టన్నుల బొగ్గు కాలుతుంది. గంధకం 0.4 శాతమే అనుకున్నా అది 31 టన్నులు. ఆక్సిజన్‌తో కలిసినప్పుడు బరువు రెట్టింపవుతుంది కనుక, కొంత బూడిదలోనే నిలిచిపోయినా, శుద్ధి లేకపోతే రోజుకు 60 టన్నులకు అటూఇటూగా సల్ఫర్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. ఇలాంటి 500 మెగావాట్ల ఉత్పత్తి యూనిట్లు రామగుండం ఎన్‌టీపీసీలో నాలుగు, సింహాద్రిలో నాలుగు ఉన్నాయి.

275 మీటర్ల చిమ్నీ ఈ వాయువును దూరంగా వెదజల్లుతుందే తప్ప తగ్గించదు. ఆ ప్రయాణంలోనే అది సల్ఫేటుగా మారి, పొలాల నుంచీ పశువుల పేడ నుంచీ వచ్చే అమ్మోనియాతో కలిసి, ఊపిరితిత్తుల లోతుకు చేరగల సూక్ష్మ కణాలవుతుంది. వందల కిలోమీటర్లు వ్యాపించే కణాలకు 10 కిలోమీటర్ల గీత ఏ విధంగానూ కొలమానం కాదు. పొగలోని బూడిదను విద్యుదావేశంతో పలకల మీదికి లాగి పట్టే ఈఎస్పీ పరికరం ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే చిమ్నీ దాటే వేళకు సల్ఫర్ డయాక్సైడ్ ఇంకా వాయువే. పైగా గంధకం తక్కువైనందువల్ల మన బూడిదకు విద్యుత్ నిరోధం ఎక్కువ. పలకల మీద పేరుకున్న బూడిద పొర విద్యుదావేశాన్ని సులువుగా వదలదు, దానితో ఈఎస్పీ పనితీరు కూడా దెబ్బతింటుంది.

ఈ కేంద్రాల నుంచే వచ్చే మరో కాలుష్య వాయువులైన నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలో బాయిలర్ లోపలే చాలా చేయవచ్చు. బర్నర్ల దగ్గర గాలి తగ్గించి, మిగిలినదాన్ని పైభాగంలో అందిస్తే అవి తక్కువగా పుడతాయి. అయితే బూడిదలో కాలని బొగ్గు పెరగకుండా నిత్యం సరిచూసుకోవాలి.

సల్ఫర్ డయాక్సైడ్‌కు మాత్రం, పొగను సున్నపురాయి కలిపిన నీటితో కడిగే తడి ఎఫ్‌జీడీ యంత్రం ఉంది. దానికి ఖర్చు, నీరు, కొంత కరెంటు కావాలి, సున్నపురాయి నుంచి కొంత కార్బన్ డయాక్సైడ్ కూడా వెలువడుతుంది. అయినా అది 90 శాతానికి పైగా సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టి జిప్సంగా మార్చగలదు. మినహాయింపు పొందిన కేంద్రాల్లో ఇప్పటికే ఈ యంత్రాలు అమర్చినవి ఉంటే, వాటిని తప్పనిసరిగా నడపాలన్న ఉత్తర్వైనా వెంటనే రావాలి.