విశాఖ తేమలో ప్లాస్మా: నా ఎంటెక్ ప్రాజెక్టు అనుభవం

కదిలే భాగం ఒక్కటీ లేకుండా విమానం రెక్క మీది గాలిని దారి మళ్లించవచ్చని చదివినప్పుడే నా ప్రాజెక్టు ఇదేనని నిర్ణయించుకున్నాను. ఆ పని చేసే పరికరం పేరు డీబీడీ (డైఎలక్ట్రిక్ బ్యారియర్ డిశ్చార్జ్) ప్లాస్మా యాక్చువేటర్. 1990లలో అమెరికాలోని టెన్నెసీ యూనివర్సిటీలో రీస్ రోత్ దీని మీద పనిచేశారు. రెండు రాగి పట్టీలు, మధ్యలో కరెంటు పారని పొర ఉంటాయి. పై పట్టీ గాలికి తెరిచి ఉంటుంది, రెండోది పొర కింద ఉంటుంది. కొన్ని వేల వోల్టుల ఏసీ కరెంటు ఇస్తే పై పట్టీ అంచున ఊదారంగు వెలుగు వస్తుంది. అదే ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు (అయాన్లు) ఏర్పడిన గాలి. అక్కడ పుట్టిన అయాన్లు గాలి అణువులను ఢీకొని ముందుకు తోస్తాయి.

గైడ్ సార్ రెండు షరతులు పెట్టారు: ఎర్తింగ్ ఆయన చూశాకే స్విచ్ వేయాలి, ల్యాబ్‌లో ఒంటరిగా ఎప్పుడూ వేయకూడదు. ఈ పని చేసే జూనియర్లకు నేనూ ముందుగా అదే చెబుతాను. రాగి టేపు డాబాగార్డెన్స్‌లో దొరికింది, మధ్య పొర కోసం కాప్టన్ అనే ప్లాస్టిక్ టేపు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఫంక్షన్ జనరేటర్, యాంప్లిఫయర్, ఫెరైట్ కోర్ ట్రాన్స్‌ఫార్మర్ కలిపి 5 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 16 కిలోవోల్టులు సాధించేసరికి సెమిస్టర్‌లో మంచి భాగం అయిపోయింది.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. ఇక్కడ గాలిలో తేమ 70, 80 శాతం ఉండటం మామూలే. ప్లాస్టిక్ మీద కంటికి కనపడని నీటి పొర చేరితే ఉపరితలం మీదుగా కరెంటు కారుతుంది. వెలుగు అంచంతా సమానంగా పరుచుకోకుండా అక్కడక్కడా తీగల్లా మెరుస్తుంది, గాలి తోపు పడిపోతుంది. నిన్న వచ్చిన రీడింగ్ ఇవాళ రాదు. అందుకే ఏసీ వేసి గది ఆరేవరకు ఆగడం, ప్లేటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం, పని అయ్యాక సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టడం అలవాటు చేసుకున్నాను. ప్రతి రీడింగ్ పక్కన తేమ శాతం రాశాను. నా పట్టికల్లో అన్నిటికంటే విలువైన కాలమ్ అదేనని ఇప్పటికీ నమ్ముతాను. ఈ వివరం లేకుండా సముద్రం ఒడ్డున తీసిన రీడింగులను ఇంకొకరి రీడింగులతో పోల్చలేం.

ఒకరోజు ల్యాబ్ టెక్నీషియన్ గారు తలుపు తీస్తూనే, "ఏటమ్మా, జిరాక్స్ షాపు వాసనొస్తంది?" అన్నారు. అది ఓజోన్. ఆ రోజే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించారు. ఆయన చొరవ లేకపోతే నెలల తరబడి ఆ గాలే పీల్చేవాళ్లం.

కొలవడమూ తేలిక కాదు. సెకనుకు 3 మీటర్ల గాలి ఇచ్చే పీడనం 5 పాస్కల్స్ పైచిలుకే, అంటే అర మిల్లీమీటరు నీటి మట్టం. గాలి వేగం కొలిచే పిటాట్ ట్యూబు లోహంతో చేసినదైతే, దగ్గరకు తెస్తే స్పార్క్ దూకుతుంది కాబట్టి గాజు గొట్టం వాడాను.

చివరికి ముందు అంచు నుంచి వెనక అంచుకు 15 సెంటీమీటర్ల వెడల్పున్న రెక్క ముందు అంచున యాక్చువేటర్ అతికించి, విండ్ టన్నెల్‌లో సెకనుకు 10 మీటర్ల గాలి పెట్టాం. స్టాల్ (రెక్క మరీ పైకి వాలి గాలి దాన్ని అంటుకోలేని స్థితి) దాటిన కోణంలో, గాలి దారి కనపడేందుకు వదిలిన పొగ రెక్కను వదిలేసి పైకి చెదిరిపోతోంది. స్విచ్ వేయగానే కిందికి దిగి రెక్కను అంటుకుంది. అందరం ఒక్కసారిగా అరిచేశాం! ఎప్పుడూ ఆన్‌లో ఉంచడం కంటే సెకనుకు సుమారు 67 సార్లు ఆన్, ఆఫ్ చేస్తే తక్కువ కరెంటుతోనే మంచి ఫలితం వచ్చింది. గాలి వేగాన్ని రెక్క వెడల్పుతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. వేగం 20 మీటర్లకు పెంచితే మాత్రం ప్రభావం దాదాపు కనపడలేదు. థీసిస్‌లో అదీ అలాగే రాశాను.

వైవాలో ఎగ్జామినర్ గారు, "గాలిని తోయడానికి అయస్కాంతం ఎందుకు వాడలేదమ్మా?" అని అడిగారు. అయస్కాంత బలం పనిచేయాలంటే ప్రవాహంలో కరెంటు పారాలి, ఉప్పునీటిలో పారుతుంది, 1992లో జపాన్‌లో యమాటో-1 అనే ఓడ ఆ బలంతోనే నడిచింది, మామూలు గాలిలో మాత్రం కరెంటు దాదాపు పారదు అని చెప్పాను. ఆయన తల ఊపి, నేరుగా తేమ పట్టిక ఉన్న పేజీ తిప్పారు.