సాకు

ఉంగరం తిప్పబోతే తిరగలేదు. పరిగెత్తేటప్పుడు ఎడమచేతి ఉంగరాన్ని బొటనవేలితో తిప్పుకోవడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. చిక్కమగళూరు కాఫీ తోటల్లో 80 కిలోమీటర్ల ట్రెయిల్ పరుగది, అంటే కొండదారుల్లో పరుగు. అప్పటికి 41వ కిలోమీటరు దాటాను. చూస్తే వేళ్లు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. వాచీ పట్టీ మణికట్టులోకి దిగబడి గాడి పడింది. అంతసేపు చేతులు వేలాడేసి పరిగెడితే నీరు దిగడం మామూలేలే అనుకుని, పట్టీ ఒక రంధ్రం వదులు చేసుకుని ముందుకే వెళ్లాను.

ఆ రోజు నా వంట్లో ఏం జరుగుతోందో అర్థం కావాలంటే ముందు మా ఊరి గురించి చెప్పాలి. మాది రెంటచింతల పక్కన పల్లె. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాళ్లు ఉండరు. చిన్నప్పుడు వేసవిలో బయటికి వెళ్తుంటే అమ్మ నా గౌను జేబులో ఉల్లిపాయ పెట్టేది. మజ్జిగ తాగందే గడప దాటనిచ్చేది కాదు. వడదెబ్బకు పోయినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. నీళ్లు తక్కువైతే మనిషి పోతాడు అన్నది నాకు బడిలో చదువుకోకముందే తెలుసు.

అంతకుముందు ఏప్రిల్‌లో వికారాబాద్ అనంతగిరి కొండల్లో 30 కిలోమీటర్ల సాధన చేస్తుంటే నీళ్లైపోయి, కళ్లు తిరిగి పడ్డాను. మా జట్టువాళ్లు నీడకు చేర్చి, తడిగుడ్డలు కప్పి కాపాడారు. ఇంకెప్పుడూ నీళ్ల దగ్గర అశ్రద్ధ చేయనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. వాచీలో పావుగంటకొకసారి గంట మోగేలా పెట్టుకున్నాను. మోగగానే 200 మిల్లీలీటర్లు, అంటే గంటకు 800. హైదరాబాద్ మే నెల ఎండలో, నా బరువు, నా చెమట చూసుకుని తేల్చుకున్న లెక్క అది. దానికి నేను ఎంత కట్టుబడి ఉన్నానంటే, దాహం వేస్తోందా లేదా అన్న ప్రశ్నే వేసుకోవడం మానేశాను.

చిక్కమగళూరు మా ఊరికి పూర్తిగా ఎదురు. కర్ణాటకలోకెల్లా ఎత్తయిన ముళ్లయ్యనగిరి, 1,930 మీటర్లు, అక్కడిదే. యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు తెచ్చి నాటాడని చెప్పుకునే బాబా బుడన్ పేరు మీదున్న కొండలు కూడా అక్కడే. ఉదయం ఆరున్నరకు బయల్దేరినప్పుడు పది అడుగుల అవతల ఏముందో కనపడనంత మంచు. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి కింద కాఫీ మొక్కలు, దారంతా మెత్తటి తడి ఆకులు. సాక్సుల మీద జలగలు. ఎండ అన్నది మధ్యాహ్నం దాకా మొహానికి తగల్లేదు. ఆ అందం చూస్తూ పరిగెడుతుంటే నా జన్మలో ఇంత సుఖమైన పరుగు లేదనిపించింది. చెమట పెద్దగా పట్టనేలేదు. అయినా గంట మోగుతూనే ఉంది, నేను తాగుతూనే ఉన్నాను. దారిలో నీళ్లూ తిండీ అందించే ఎయిడ్ స్టేషన్ వచ్చినప్పుడల్లా వీపుసంచిలో నింపుకోవడమే కాక, అక్కడ నిలబడి రెండు మూడు కప్పులు అదనం.

ఇరవయ్యో కిలోమీటరు దిగుడులో కుడి మోకాలు నొప్పి పెడితే ఒక ఇబుప్రొఫెన్ మాత్ర వేసుకున్నాను. 38 దగ్గర ఇంకొకటి. పరుగుల వాళ్ల సంచుల్లో ఆ మాత్ర ఉండడం కొత్తేమీ కాదు. ఎవరినీ అడగాలనిపించలేదు.

తలనొప్పి 45 దగ్గర మొదలైంది. కణతల దగ్గర కాకుండా తలంతా లోపలినుంచి నెట్టుతున్నట్టు ఉంది. తర్వాత ఎక్కిళ్లు. ఆ తర్వాత ఒక కాఫీ మొక్క పక్కన వాంతయింది. మంచినీళ్లలాంటి నీళ్లే వచ్చాయి, రంగు కూడా లేదు. అనంతగిరిలో కూడా తలనొప్పీ వాంతే కదా మొదలు? ఇదీ అదేనని తీర్మానించుకున్నాను. వాంతిలో పోయిన నీళ్లకు బదులుగా అర లీటరు తాగాను. పొద్దుటినుంచి మూత్రానికి ఒక్కసారే వెళ్లానన్నది కూడా గుర్తొచ్చింది. దాన్ని కూడా నీళ్లు చాలడం లేదనడానికి రుజువుగానే తీసుకున్నాను. ఒక తప్పుడు అనుమానం పట్టుకుంటే కనిపించిన ప్రతిదీ దాన్నే బలపరుస్తుంది.

అక్కడినుంచి నాకు గుర్తున్నవి ముక్కలు ముక్కలుగానే. 53వ కిలోమీటరు దగ్గర టార్పాలిన్ కింద ఎయిడ్ స్టేషన్. బల్ల మీద అరటిపండ్లు, ఉడికించిన బంగాళాదుంపలు, ఉప్పు. నేను నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయి కప్పు మీద కప్పు తాగుతున్నాను. ఇరవై ఏళ్లు ఉంటాయేమో, ఆ తోటలవైపు కుర్రాడు, నా చెయ్యి పట్టుకుని కప్పు లాక్కున్నాడు.

“సాకు అక్కా. సాకు.”

నాకు కన్నడం రాదు. నాకు వినపడింది తెలుగు మాట. సాకు! నేను సాకులు చెప్తున్నానంటున్నాడు. పరుగు పూర్తి చేయలేక ఒంట్లో బాగాలేదని వంక పెడుతున్నానంటున్నాడు. అంత దుఃఖం నాకు ఎప్పుడూ రాలేదు. “సాకు కాదు బాబూ, నిజంగానే తల పగిలిపోతోంది, నీళ్లివ్వు” అని అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చాను. అతను వంగి, ఇంకా నెమ్మదిగా అదే మాట అన్నాడు. “నీరు సాకు అక్కా.” కన్నడంలో సాకు అంటే చాలు అని మర్నాడు నర్సు చెప్పేదాకా నాకు తెలియదు.

ఆ తర్వాతది మా ఆయన, పరుగు డాక్టరు చెప్పగా తెలిసినదే. నేనే సెలైన్ పెట్టమని బతిమాలానట. పక్కనున్న వాలంటీరు ఒకరు సీసా తీశారు కూడా. డాక్టరు ఆపారు. ఆమె మొదట చూసింది నా ఉంగరాన్నీ, వాచీ పట్టీ గాడినీ. అడిగింది ఒకే ప్రశ్న: “పొద్దుటినుంచి ఎన్నిసార్లు పాస్‌కు వెళ్లారు?” ఇంకో మాట లేకుండా అంబులెన్సు ఎక్కించారు. పట్టణంలో ఆస్పత్రికి చేరేసరికి మా ఆయన వచ్చారు. ఆయన్ని చూసి “మీరెవరండీ?” అన్నానట. ఆ మాట చెప్పినప్పుడల్లా ఇప్పటికీ ఆయన గొంతు మారిపోతుంది.

రక్తంలో సోడియం 122 ఉంది. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి. బరువు 56.3 కిలోలు. ముందురోజు హోటల్లో చూసుకుంటే 54.5. తొమ్మిది గంటలు కొండలెక్కి దిగిన మనిషి బరువు తగ్గాలి. నేను దాదాపు రెండు కిలోలు పెరిగాను, అదంతా నీళ్లే.

స్పృహ కుదుటపడ్డాక ఐసీయూ డాక్టరు గారు మంచం పక్కన నిలబడి ఓపిగ్గా చెప్పారు. ఆయన చెప్పినదాన్ని నేను వంటింటి భాషలోకి మార్చుకున్నాను. చారులో ఉప్పు సరిపోయింది. దాంట్లో ఇంకో రెండు గ్లాసుల నీళ్లు పోశాం. ఉప్పు ఎక్కడికీ పోలేదు, కానీ చారు చప్పబడిపోయింది. నా రక్తం అలా చప్పబడింది. మామూలు రోజుల్లో తాగిన అదనపు నీళ్లను కిడ్నీలు బయటికి పంపేస్తాయి. గంటల తరబడి శ్రమలో ఉన్నప్పుడు మాత్రం నీటిని పట్టి ఉంచే హార్మోను ఒకటి తగ్గకుండా విడుదలవుతూ ఉంటుంది. అందుకే మూత్రం రాలేదు. నేను వేసుకున్న నొప్పి మాత్రలు ఆ ఇబ్బందిని ఇంకా పెంచేవి. బయటికి పోలేని నీళ్లు కణాల్లోకి చేరతాయి. వేళ్లు ఉబ్బితే చర్మం సాగుతుంది. మెదడు ఉబ్బితే సాగడానికి పుర్రెలో చోటు లేదు.

అందుకే ఆ తలనొప్పి, అందుకే “మీరెవరండీ”. మూర్ఛలొచ్చి ప్రాణం పోయేదాకా కూడా వెళ్తుందట.

వైద్యం వినడానికి చిన్నది. గాఢత ఎక్కువున్న 3 శాతం ఉప్పు ద్రావణం 100 మిల్లీలీటర్లు, పది నిమిషాల్లో ఎక్కించారు. రెండోసారి, మూడోసారి కూడా. నేను బతిమాలి అడిగిన మామూలు సెలైన్ సీసాలు నాలుగు పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. రాత్రికి సోడియం 129కి వచ్చింది, మర్నాడు మధ్యాహ్నానికి 136. రాత్రంతా మూత్రం ఆగకుండా వచ్చింది. పొద్దున లేచేసరికి ఉంగరం వేలి మీద వదులుగా తిరిగింది. మంచం మీద పడుకుని ఎంతసేపు దాన్ని తిప్పుకున్నానో.

ఆస్పత్రిలో ఉన్న రెండు రోజులూ దొరికిందల్లా చదివాను. 1981లో దక్షిణాఫ్రికా కామ్రేడ్స్ పరుగులో ఒకామె ఇలాగే పడిపోయారు. టిమ్ నోక్స్ అనే డాక్టరు అలాంటి నాలుగు కేసులు కలిపి 1985లో ప్రచురించారు. 2002 బోస్టన్ మారథాన్‌లో గమ్యం చేరిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది. అన్నింటికంటే బలంగా కనిపించిన లక్షణం పరుగులో బరువు పెరగడం. నెమ్మదిగా, ఎక్కువ గంటలు పరిగెత్తేవాళ్లకూ, సన్నగా ఉండేవాళ్లకూ ప్రమాదం ఎక్కువ. ఉప్పు బిళ్లలు మింగితే సరిపోతుందా అని నేనూ వెతికాను. అవసరానికి మించి తాగుతూ ఉంటే బిళ్లలు కాపాడలేవు. నా వయసు, నా బరువు, నా వేగం, నా మాత్రలు, నా వాచీ గంట... అన్నీ నా చిన్నప్పుడో, నేను కాలేజీలో ఉన్నప్పుడో ఎవరో రాసి పెట్టినట్టే ఉన్నాయి. పన్నెండేళ్లుగా పరిగెడుతున్నాను, నాకు ఒక్కరూ చెప్పలేదు. అందరూ చెప్పింది ఒకటే: బాగా నీళ్లు తాగు. నేనూ కొత్తగా చేరిన పిల్లలకు అదే చెప్పాను. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను, దాహం వేసినప్పుడు తాగండి, వేళ్లు ఉబ్బితే ఆపండి అని.

ఫలితాల పట్టికలో నా పేరు ఎదురుగా డీఎన్ఎఫ్ అని పడింది, పూర్తి చేయలేదని. ఆ మూడక్షరాలు చూసినప్పుడు ఒక్క క్షణం మళ్లీ ఆ తెలుగు మాటే గుర్తొచ్చింది. సాకు.

ఇంటికొచ్చాక కోలుకోవడం అనుకున్నంత తేలిక కాలేదు. వారం రోజులు తల బరువు. బ్యాంకులో కౌంటరు దగ్గర రోజూ చూసే ఖాతాదారు పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయేది. రెండు వారాలకు కిడ్నీ పరీక్షలు మామూలుగానే వచ్చాయి. మతిమరుపు కూడా నెలకు సర్దుకుంది. మిగిలింది భయం. నీళ్ల గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. రోజంతా ఎన్ని గ్లాసులో కాగితం మీద గీతలు పెట్టుకునేదాన్ని. మా అమ్మాయి ఒక రోజు ఆ కాగితం తీసేసుకుని, “నీకు దాహమేస్తోందా అమ్మా?” అని అడిగింది. సమాధానం చెప్పలేకపోయాను. నలభై మూడేళ్ల మనిషిని, దాహం అంటే లోపల ఎలా ఉంటుందో మర్చిపోయాను.

దాన్ని మళ్లీ నేర్చుకున్నాను. పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ నడక, చేతిలో సీసా, వాచీ ఇంట్లోనే. నాలుక ఎండడం, గొంతులో ఆ చిన్న గరగర, మనసు సీసా వైపు పోవడం. ఒక్కోటీ గుర్తుపట్టాను. మూడో నెలలో మెల్లగా పరుగు. మోకాలు నొప్పెడితే మాత్ర లేదు, నడకే. ఆరో నెలలో అనంతగిరికి వెళ్లి 14 కిలోమీటర్లు చేశాను. మూడుసార్లు దాహమేసింది, మూడుసార్లు తాగాను. సీసాలో ఇంకా సగం మిగిలింది.

కారెక్కగానే అమ్మ ఫోను. ఇదివరకైతే నీళ్లు తాగావా అని మొదలుపెట్టేది.

“ఎన్నిసార్లు పాస్‌కెళ్లావే తల్లీ?” అంది.

“రెండుసార్లమ్మా.”

“ఉంగరం?”

తిప్పి చూసి చెప్పాను, తిరుగుతోందని.