బడి గోడ: మార్చి నుంచి మృగశిర దాకా

మార్చి రెండో వారంలో బొమ్మలు వేయడం మొదలుపెట్టిన బడి గోడ ఇంకా అయిపోలేదు. కలిసిన వాళ్లంతా "ఎంతవరకొచ్చింది" అని అడుగుతున్నారు, ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నా. ఇలాంటి పని నెత్తికెత్తుకోవాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే మేం చేసిన పొరపాట్లు చదువుకుని కొత్తవి చేసుకోవచ్చు.

గోడ అంటే నల్గొండలో మా ఇంటికి రెండు వీధుల అవతలున్న ఒక సర్కారు బడి ప్రహరీ. 42 అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల ఎత్తు, మొత్తం 273 చదరపు అడుగులు. పడమటి వైపు చూసే గోడ కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం దాటితే చెయ్యి ఆనించలేం. పెద్దవాళ్లం నలుగురం, అందరికీ వేరే పనులున్నాయి, నాది ఆడిట్ ఆఫీసులో లెక్కల పని. పిల్లలు ఎంతమంది వస్తారనేది ఆ రోజు ఎండను బట్టి, మేం తెచ్చే బిస్కెట్లను బట్టి. అనుమతి మాత్రం హెడ్మాస్టరు గారి సంతకంతో కాగితం మీద తీసుకున్నాం. నోటిమాట నమ్మి మొదలుపెట్టకండి, మధ్యలో ఎవరో ఒకరు బండి ఆపి "ఎవరు వెయ్యమన్నరు" అంటారు, మమ్మల్ని ఇప్పటికి మూడుసార్లు అడిగారు.

అనుకున్నది మన జిల్లా ఆడవాళ్ల బొమ్మలు. ఎవరిని వేయాలనే దగ్గరే పది రోజులు పోయింది. మొదట అందరూ బతుకమ్మ అన్నారు, నేను ఒప్పుకోలేదు. బతుకమ్మ మీద కోపం కాదు, తెలంగాణలో ఏ గోడ చూసినా ఆ తంగేడు, ఆ గునుగు, చుట్టూ ముఖాల్లేని ఆడవాళ్లే కనిపిస్తుంటే మళ్లీ మేమెందుకు. ఒకాయన ఫ్లోరైడుతో నడుం వంగిపోయిన ముసలమ్మను వేయమన్నాడు, అదీ వద్దన్నాం, జాలిపడే బొమ్మ కింద రోజూ పిల్లలు బడికి పోవడం ఎందుకని.

చివరికి మల్లు స్వరాజ్యం ఖాయమైంది. 1931లో కరివిరాల కొత్తగూడెంలో పుట్టింది, అది ఇప్పుడు సూర్యాపేట జిల్లా. సాయుధ పోరాటంలో ఆమె తల మీద 10,000 రూపాయలు ఉందని, 1978లో, 83లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యే అయిందని పిల్లలకు చెప్తే తుపాకీ వేయమన్నారు. కానీ ఆమె పదీ పదకొండేళ్ల వయసులోనే వెట్టి చేసేవాళ్లకు ఇంట్లోని గింజలు పంచిపెట్టిందనే కథ మాకు ఎక్కువ నచ్చింది, ఆరో తరగతి పిల్ల గోడ మీద తన ఈడు పిల్లను చూస్తుంది కదా. చాకలి ఐలమ్మ దగ్గర చిన్న గొడవయింది. ఆమె ఉన్న పాలకుర్తి జనగామ జిల్లా కదా, మనదెట్లయితది అని. అప్పట్లో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలోనే ఉండేదని సోషల్ సార్ తేల్చి చెప్పాక ఆమె కూడా గోడెక్కింది. ముఖం వేయలేదు. చేను గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి, వెనక నుంచి, అంతే. ఆమె నాలుగెకరాల పంట కోసం విసునూరు దేశముఖ్‌తో కొట్లాడిన మనిషి, చేను వైపు తిరిగి ఉండటమే సరైనదనిపించింది.

ఇక గోడ సంగతి. పాత సున్నం నాలుగైదు పొరలు ఉంది, వేలితో గీకితే పెచ్చులు వచ్చేవి. ఇనుప బ్రష్షు, పుట్టీ బ్లేడు పెట్టి గీకడానికే రెండు ఆదివారాలు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, నేను కట్టుకోలేదు, వారం రోజులు దగ్గాను. గీకాక అసలు రోగం బయటపడింది: కింద అడుగున్నర దాకా తెల్లగా ఉప్పు తేలింది. గోడకు అవతల చేతులు కడుక్కునే నల్లా కారుతోంది, ఆ చెమ్మంతా ఇటుకల్లోకి పోతోంది. మా తొందరలో నీళ్లు కొట్టి కడిగేశాం, అదే తప్పు. ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోయింది, నాలుగు రోజులకు అంతకంటే దట్టంగా తేలింది. పొడి బ్రష్షుతోనే దులపాలి, దులిపిన పొడి ఎత్తి బయట పారేయాలి, ముందు నల్లా బాగుచేయించాలి. వాషరు 20 రూపాయలు, ప్లంబరు 300. గోడ ఆరడానికి మూడు వారాలు ఆగాం.

అప్పటికీ కింది భాగం మీద నమ్మకం రాలేదు. దానిమీద ప్లాస్టిక్ పెయింట్ వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పెయింటునే పొక్కులుగా లేపేస్తుంది. ఏం చేయాలా అని చూస్తుంటే మా అత్తమ్మ "జాజు పూయరాదుండ్రి" అంది. జాజు అంటే ఎర్రమట్టి రంగు. ఇంత ఆలోచించి మాకు తట్టలేదు చూడండి, ఊళ్లో ఇళ్ల అరుగులకు, గోడల కింది భాగానికి ఎప్పుడూ చేసేదే కదా! కింద అడుగున్నర సున్నం కొట్టి, ఆరాక తుమ్మబంక నానబెట్టిన నీళ్లలో జాజు కలిపి పూసి, పైన తెల్లటి ముగ్గు గీతలు. గోడ ఊపిరి పీల్చుకుంటుంది, చెడిపోతే ఏటా పండక్కి మళ్లీ పూసుకోవచ్చు, మొత్తం ఖర్చు 180 రూపాయలు. ఆ ముగ్గులు పూర్తిగా పిల్లలవే, ఒక్క గీత కూడా వంకర లేదు, నా గీతల కంటే నయం.

మిగతా ఐదు అడుగులకు ప్రైమర్ ఒక పూత, బయటి గోడలకు వేసే తెల్ల ఎమల్షన్ రెండు పూతలు. ప్రైమర్ 4 లీటర్లు సరిపోయింది. ఎమల్షన్ 10 లీటర్ల బకెట్ తెచ్చాం, గోడకు నాలుగు లీటర్ల పైన పట్టింది, మిగిలింది రంగులు కలుపుకోవడానికి వాడుతున్నాం. రంగులకు స్టెయినర్ సీసాలు: ఎల్లో ఆక్సైడ్, రెడ్ ఆక్సైడ్, నలుపు, నీలం, ఆకుపచ్చ. పచ్చగా మెరిసే ఫాస్ట్ ఎల్లో కూడా ఉంటుంది, చూస్తే ముద్దొస్తుంది కానీ మన ఎండకు వెలిసిపోతుంది. ఆక్సైడ్లు మట్టి రంగులు, అవి అట్లాగే ఉంటాయి. మల్లు స్వరాజ్యం లంగాకు ముదురు ఎరుపు కావాలని తెల్ల పెయింటులో స్టెయినర్ సీసా మొత్తం ఒంపేశాం. ముదురు రంగు రాలేదు, గులాబీ వచ్చింది, పైగా మూడు రోజులైనా ఆరలేదు, గోడకు ఆనుకుని ఫోన్ మాట్లాడుకుంటున్న ఒకాయన తెల్ల చొక్కా వీపంతా గులాబీ అయింది. పాపం ఏమీ అనలేదు, కానీ ఆ చూపు గుర్తుంది. స్టెయినర్ నూటికి ఐదు వంతులు మించకూడదు. ముదురు రంగు కావాలంటే షాపులో డార్క్ బేస్, అంటే ముదురు రంగులు కలపడానికే ఉండే పెయింటు, తీసుకుని మెషీన్ మీద కలిపించుకోండి, లీటరుకు కొంచెం ఎక్కువైనా సరే.

బొమ్మ ఎక్కించడం మాకు నేర్పింది ఫ్లెక్సీలు రాకముందు ఈ టౌన్లో సగం షాపుల బోర్డులు రాసిన పెద్దాయన. నేను ప్రొజెక్టర్ అద్దెకు తెద్దామంటే నవ్వాడు. ఖాకీ కాగితాలు అతికించి, నిజం సైజులో బొమ్మ గీసి, గీత వెంట సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడిచి, కాగితం గోడకు పెట్టి, బొగ్గుపొడి కట్టిన గుడ్డ మూటతో తట్టాలి. తీసి చూస్తే గోడ మీద చుక్కల గీత. సన్నని గీతలు లాగేటప్పుడు ఎడమ చేత్తో కర్ర గోడకు ఆనించి, దానిమీద కుడి మణికట్టు పెట్టుకోమన్నాడు. ఆ ఒక్క ముక్కతో నా గీత వణకడం సగం తగ్గింది. నిచ్చెన అవసరం రాలేదు, రెండు నూనె డబ్బాల మీద పలక చాలు. పొద్దున 6 నుంచి 8:30 వరకే పని. ఏప్రిల్లో సాయంత్రం పూట ఒకసారి ప్రయత్నించాం, గోడ ఇంకా కాలుతూనే ఉంది, బ్రష్షు ఆనిస్తే రంగు అక్కడికక్కడే ఎండి చారలు పడింది.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది మాత్రం ఆసు బొమ్మ. పోచంపల్లి చీర అందరికీ తెలుసు, మగ్గం వేసిన గోడలు బోలెడు. మేం మగ్గం వేయకుండా దానికి ముందు ఇంట్లో ఆడవాళ్లు చేసే పని, ఆసు పోయడం, వేద్దామనుకున్నాం. ఒక చివర ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరస, ఆ రెంటి మధ్య దారం తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9000 సార్లు అటూ ఇటూ పోవాలంటారు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేకే యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే, లక్ష్మి ఆసు యంత్రం అని పెట్టాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఫోటోలు ఎక్కడైనా దొరుకుతాయి. మేం వేద్దామనుకున్నది యంత్రం రాకముందటి ఆ చెయ్యిని.

నేను వీడియోలు చూసి, ఆపి ఆపి గీసి, నీడలు కూడా పెట్టేశాను. బాగా వచ్చిందనుకున్నా. మర్నాడు పొద్దున కూరగాయల సంచితో పోతున్న ఒక పెద్దామె ఆగి చూసి, "గట్ల పట్టుకుంటే దారం తెగదా బిడ్డా" అంది. పద్మశాలీల ఇల్లట, చిన్నప్పటి నుంచి ఆసు పోసిందట. సంచి కింద పెట్టి, గోడ ముందు నిలబడి గాల్లోనే పోసి చూపించింది. నేను వేసినట్టు దారాన్ని పిడికిట్లో పట్టుకోరు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వదులుగా జారనిస్తారు. మేకు దగ్గర మణికట్టు చిన్నగా లోపలికి తిరుగుతుంది, ఆ తిప్పులోనే ఉంది పనితనమంతా. "రెట్ట ఇంకింత లేవాలె, అక్కడనే గుంజుతది" అని నా భుజం పట్టుకుని ఎత్తింది. అర నిమిషానికే నాకు గుంజింది. చెయ్యి మొత్తం తెల్ల రంగు కొట్టేసి మళ్లీ వేశాను, రెండు వారాలు పట్టింది. ఆమె మూడుసార్లు వచ్చింది, మూడోసారి ఏమీ అనకుండా పోయింది కాబట్టి పాసయ్యానని అనుకుంటున్నా. నా మటుకు నాకు ముఖాలు తేలికనిపిస్తోంది ఇప్పుడు. ముఖం కొంచెం తేడా వచ్చినా ఎవరూ ఏమనరు. చెయ్యి తప్పయితే ఆ పని తెలిసిన మనిషికి దూరం నుంచే తెలిసిపోతుంది. కబడ్డీ బొమ్మలోనూ అదే, కూతకు పోతున్న పిల్లకు నేను బూట్లు వేస్తే బడి పిల్లలు పడీ పడీ నవ్వారు. బూట్లు తీసేశాం, కాలివేళ్లు మట్టిని పట్టి ఉండేలా వేశాం.

మూల సంగతి చెప్పాలి. గోడ ఉత్తరం మూల చుట్టుపక్కల మగవాళ్లందరికీ మూత్రశాల. "దేవుడి బొమ్మలేయండి, ఎవరూ పోయరు" అని కనీసం పదిమంది సలహా ఇచ్చారు. ఆడవాళ్ల బొమ్మలు చూస్తే ఆగరా అంటే తల గోక్కున్నారు. చివరికి ఆపింది బొమ్మ కాదు, ముంజలమ్మే అమ్మ. ఏప్రిల్ మొదట్లో చెట్టు నీడ ఉందని ఆ మూలకే గంప దించింది, అంతే, ఒక్కడు రాలేదు. పోస్టర్ల బాధ మాత్రం తప్పలేదు. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఐలమ్మ చేను మీద మైదా జిగురుతో రెండు అంటించిపోయారు, లాగితే రంగుతో సహా ఊడింది. గోరువెచ్చని నీళ్లలో స్పాంజి ముంచి పది నిమిషాలు నానబెట్టి తీయాలి, లాగొద్దు.

ఆ ముంజల అమ్మనే మూలలో వేద్దామని నేను అడిగితే గయ్యిమంది. "నేనింకా సావలే బిడ్డా, గోడకెక్కిస్తవా?" అంది. నిజమే, మన ఇళ్లలో గోడ మీద ఫోటో ఉందంటే దండ ఉంటుంది, లేదంటే లీడరై ఉండాలి. సరే, చేతులొక్కటే వేస్తానన్నా. "చేతులేసుకో, చేతులకేమున్నది" అని ఒప్పుకుంది. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో చెక్కిన కాయ, బొటనవేలు లోపలికి పెట్టి ముంజ పగలకుండా పైకి లేపుతున్న క్షణం. ఫోటో తీసుకోనిచ్చింది కానీ ఎండ ఎక్కువై చేతులు నల్లగా పడ్డాయి, వివరాలు సరిగా రాలేదు.

ఇప్పటిదాకా ఖర్చు 7,460. ప్రైమర్, ఎమల్షన్, డార్క్ బేస్ కలిపి 4,900, బ్రష్షులు 850, స్టెయినర్లు 640, మిగతాది కాగితాలు, జాజు, ప్లంబరు, బిస్కెట్లు. మిగిలింది 9 అడుగులు, అక్కడ ఆరుట్ల కమలాదేవి, ఆలేరు నుంచి 1952, 57, 62లో మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన ఆమె. మృగశిర వచ్చేసింది, రెండు జల్లులు కూడా పడ్డాయి, కాబట్టి అది వానలయ్యాకే. అయిన భాగానికి క్లియర్ కోట్, అంటే బొమ్మల మీద రంగులేని పూత, వేయాలంటే రెండు రోజులు పొడి వాతావరణం కావాలి.

దానికి ముందు ఇంకో పని పడింది. ముంజల సీజను అయిపోతోంది, నిన్న ఆమె ఆఖరి గంప తెచ్చింది. గోడ మీది చేతులు చాలాసేపు చూసి, "పచ్చబొట్టేది?" అని అడిగింది. ముంజేతి లోపల నాలుగు చుక్కలు, కింద ఒక చిన్న తేలు. నా ఫోటోలో నీడలో పోయింది. ఆకుపచ్చ తీసి వేయబోతే "గా పచ్చ కాదు" అంది. పచ్చబొట్టు అంటాం కానీ పాతబడ్డాక అది పచ్చగా ఉండదు, పలక మీద తడి ఆరినప్పటి రంగు. నలుపు, నీలం, ఒక్క చుక్క ఆకుపచ్చ, కాస్త తెలుపు కలిపి మూడుసార్లు చూశాను, మూడూ కుదరలేదు. నాలుగోసారి కలిపేటప్పుడు ఆమే వచ్చి తన చెయ్యి గోడ మీది చెయ్యి పక్కన ఆనించి, "సూస్కుంట కలుపు" అని నిలబడింది.